ఆర్కిటెక్ట్ ముద్రపై ఫిర్యాదు ఎవరికి చేయాలి?

అయ్యా, మీ ఇంటి ప్లానుపై ‘ఆర్కిటెక్ట్’ అన్న ముద్ర వేసి సంతకం చేసిన వ్యక్తి పేరు ఆర్కిటెక్ట్‌లను నమోదు చేసే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ జాబితాలో కనబడలేదని, పోలీసులు ఫిర్యాదు తీసుకోలేదని రాశారు. 1972 నాటి ఆర్కిటెక్ట్‌ల చట్టం 39వ సెక్షన్ ప్రకారం, కౌన్సిల్ ఆదేశంతోగానీ అధికారంతోగానీ వచ్చిన ఫిర్యాదుపైనే కోర్టు విచారణ చేపట్టగలదు కనుక, ముద్ర స్పష్టంగా కనిపించే ప్లాను నకలును, రసీదులను జతచేసి ఢిల్లీలోని కౌన్సిల్‌కే రాయండి. దానికి ముందు, ముద్ర కింద ‘సీఏ’తో మొదలయ్యే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సంఖ్య ఉందేమో మరొక్కసారి చూడండి. అయితే ప్లాను గీయడం మాత్రమే ఈ చట్టం కింద నేరం కాదు. 37వ సెక్షన్ నిషేధించింది ఆ బిరుదు వాడకాన్నే తప్ప పనిని కాదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. 1972లో తొలి నేరానికి పెట్టిన జరిమానా 500 రూపాయలకు మించదు (ఇది వింటే ఎవరు భయపడతారు?), కాబట్టి మీరిచ్చిన ఫీజు కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో విడిగా కేసు వేసుకోండి.