వర్జీనియా: డెలిగేట్ల సభ మారినా సెనేట్ ఎందుకు మారలేదు?

2025 నవంబరులో అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర చట్టసభలో దిగువ సభ అయిన డెలిగేట్ల సభలో డెమొక్రాట్ల బలం 64కు పెరిగినా, ఎగువ సభ అయిన సెనేట్‌లో వారి ఆధిక్యం 21–19 దగ్గరే ఎందుకు ఆగిందని మీరు అడిగారు. ఆ ఎన్నికల్లో సెనేట్ స్థానాలు లేవండి. వంద స్థానాల డెలిగేట్ల సభకు రెండేళ్లకోసారి, నలభై స్థానాల సెనేట్‌కు నాలుగేళ్లకోసారి, రెండింటికీ బేసి సంవత్సరాల్లోనే ఎన్నికలు జరుగుతాయి కనుక, 2023లో గెలిచిన సెనేటర్లు 2027 ఎన్నికల దాకా కొనసాగుతారు.

డెలిగేట్ల సభపై పట్టు ఒక్క ఓటుతో తారుమారయ్యే సందర్భమూ ఉంది. 2017లో న్యూపోర్ట్ న్యూస్‌లోని 94వ నియోజకవర్గంలో వివాదాస్పదమైన ఒక బ్యాలెట్‌ను న్యాయస్థానం లెక్కలోకి తీసుకోవడంతో ఇద్దరు అభ్యర్థులకూ చెరి 11,608 ఓట్లయ్యాయి. 2018 జనవరి 4న, ఫిల్మ్ డబ్బాల్లో పెట్టిన పేర్ల చీటీలను ఒక పాత్రలో వేసి ఒకటి తీయగా రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ పేరు వచ్చింది. సభ 51–49గా ఆ పార్టీ చేతిలోనే నిలిచింది. లాటరీతో సభ ఎవరిదో తేలడం నాకైతే విడ్డూరమే, కానీ అక్కడి చట్టం అంతే.

సెనేట్ 20–20గా చీలితే మాత్రం, చాలా అంశాల్లో ఆ సభకు అధ్యక్షత వహించే లెఫ్టినెంట్ గవర్నర్ ఓటే నిర్ణాయకం. 2025లో ఆ పదవికి ఎన్నికైన గజాలా హష్మీ మన హైదరాబాదులో పుట్టినవారే.