సిరిమానోత్సవానికి లాడ్జిలో దిగితే నల్లులు మన వెంట ఇంటికి రాకుండా ఏం చేయాలి?

దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానంటే విజయనగరంలో గది దొరకడమే గొప్ప. రథసప్తమికి అరసవల్లి వెళ్లేవాళ్లకి శ్రీకాకుళంలోనూ అదే తంతు. ఒకరు ఖాళీ చేసిన కాసేపటికే ఇంకొకరు దిగుతారు. నల్లులు ఎగరలేవు, గెంతలేవు. సంచుల్లో, బట్టల్లో దూరి ఊళ్లు మారతాయి. గది ఖరీదైనదైనా ఒకటే.

తాళం తీయగానే సామాను మంచం మీద పడేయకండి. ముందు బాత్రూంలో పెట్టి, ఫోన్ టార్చి వేసి పరుపు కుట్లు, మూలల మడతలు, తలవైపు చెక్క వెనక సందులు చూడండి. పెద్ద నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్లుంటుంది, ఎర్రటి గోధుమరంగు. పగలు దాక్కుంటుంది కాబట్టి అది కనబడకపోవచ్చు. సిరా చుక్కల్లాంటి నల్లమచ్చలు, రాలిన పొట్టు ఉన్నాయంటే మాత్రం గది మార్చమనండి. పక్కగది ఇస్తానంటే ఒప్పుకోకండి, గోడల పగుళ్లలోంచి అటూ పాకుతాయి.

రాత్రి లైటు వేసుకుని పడుకున్నా లాభం లేదు. మన ఊపిరి, ఒంటి వేడి పసిగట్టి వస్తాయి.

ఇంటికొచ్చాక సంచిని గది బయటే విప్పి, బట్టలు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. ఎండలో పడేస్తే చాలంటారు గానీ, మందపాటి సంచి మడతల్లోకి ఆ వేడి సరిగా చేరదు. వేపాకు, కర్పూరం మీద నాకు నమ్మకం లేదు. నల్లులు కుట్టినచోట దురదే తప్ప, వాటివల్ల రోగాలు అంటుకుంటాయన్న రుజువు లేదు.