పద్మిని ఇంజన్ ఇంటి దగ్గర విప్పొచ్చా?

నాన్నగారి ప్రీమియర్ పద్మిని ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉందని, ఇంజన్ ఇంట్లోనే విప్పి మెరిసేలా చేసుకోవచ్చా అని అడిగారు. నిస్సందేహంగా చేసుకోవచ్చు. చిత్తూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులోనే నేను చేశాను. 1089 సీసీ, నాలుగు సిలిండర్ల పాతకాలపు పుష్‌రాడ్ (వాల్వులను కదిపే కడ్డీల) ఇంజన్ అది. ఇంజన్ పైకెత్తే చైన్ పుల్లీ, బోల్టు బిగువు చూపే టార్క్ రెంచ్, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్ ఉంటే విప్పడం, బిగించడం మన చేతిలో పనే. బోరింగు (సిలిండర్ లోపల చెక్కి వెడల్పు చేయడం), క్రాంక్ గ్రైండింగు (క్రాంక్ షాఫ్టును నునుపుగా అరగదీయడం) మాత్రం లేత్ షాపుకే ఇవ్వాలి. అయితే ఓవర్‌సైజ్ (కాస్త పెద్ద సైజు) పిస్టన్లు చేతికొచ్చాకే బోరింగ్ చేయించండి. పిస్టన్లను కొలిచి, ఆ కొలతకు తగ్గట్టే సిలిండర్ బోరు వేయాలి.

విప్పేటప్పుడు బేరింగ్ క్యాపులకు పంచ్‌తో గుర్తులు పెట్టండి. పుష్‌రాడ్లను అట్టముక్కకు చిల్లులు పొడిచి వరసగా గుచ్చుకోండి.

అసలు కష్టమంతా కడగడంలోనే ఉంది. రేడియేటర్‌లో పోసే మన బోరుబావి నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో తెలిసిందే. బ్లాకు (సిలిండర్లుండే దిమ్మ) పక్కనున్న గుండ్రటి రేకు మూతలు ఊడదీస్తే వెనక తుప్పు బురద గట్టిగా పేరుకుపోయి ఉంటుంది. సన్నటి కమ్మీతో గోకి, పైపుతో నీళ్లు కొట్టి మొత్తం తీసేయాలి. అది లోపలుంటే కొత్త రేడియేటర్ వేసినా ఇంజన్ వేడెక్కుతుంది.

లేత్ నుంచి వచ్చిన బ్లాకును చాలామంది కిరోసిన్‌తో తుడిచి బిగించేస్తారు. హోనింగ్ పొడి (సిలిండర్ గోడను రాయితో రుద్దినప్పుడు మిగిలే గరుకు పొడి) దానికి పూర్తిగా పోదు. సబ్బు కలిపిన వేణ్నీళ్లతో బ్రష్ పెట్టి తోమి, తెల్లగుడ్డతో బోరు తుడవండి. గుడ్డకు బూడిద రంగు అంటినంతసేపూ మళ్లీ తోమాల్సిందే. ఆరగానే ఆయిల్ పూయండి, లేదంటే చూస్తుండగానే తుప్పు పడుతుంది. ఆయిల్ దారుల్లోకి కూడా సన్న బ్రష్ దూర్చాలి.

హెడ్ (సిలిండర్ల పైభాగం) అల్యూమినియంది. దాన్ని కాస్టిక్ సోడాలో ముంచనివ్వకండి, లోహాన్నే తినేస్తుంది. లేత్ షాపులో ఈ మాట ముందే చెప్పండి.

పైమెరుపు సంగతి చివర చూడొచ్చు. జిడ్డు మీద పెయింట్ నిలవదు కాబట్టి పూర్తిగా తుడిచాక వేడికి తట్టుకునే పెయింటే కొట్టండి. ఇంజన్ నంబరు మీద ఎమరీ పేపర్ పెట్టొద్దు, పెయింట్ మందంగా పడనివ్వొద్దు. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లినప్పుడు ఆ నంబరు స్పష్టంగా కనిపించాలి.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టండి. మొదటి ప్రయాణం కాణిపాకం దాకా చాలు, పూజ కూడా అయిపోతుంది. సుమారు 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, మాన్యువల్ ప్రకారం హెడ్ బోల్టుల బిగువు, టాపెట్ల (వాల్వుల దగ్గరి) సందు మళ్లీ సరిచూసుకోండి. మొగిలి ఘాట్ ఎక్కించడం ఆ తర్వాతే.