కంపెనీ లా ఎక్కడం లేదన్న తమ్ముడికి

తమ్ముడూ, లేబర్ లా, రాజ్యాంగం తప్ప ఏదీ బుర్రకెక్కడం లేదు, కంపెనీ లా డబ్బున్నవాళ్ల చట్టంలా అనిపిస్తోంది, యూనియన్ ఇంట్లో పెరగడం వల్లేనా అని అడిగావు. అవును, చాలావరకు అందుకే. అందులో తప్పేమీ లేదు. నాకూ భూమి కేసులంటేనే ప్రాణం.

కానీ ఫ్యాక్టరీ మూతపడితే కార్మికుడి జీతం బాకీ ఏమవుతుందో లేబర్ లా పుస్తకం ఒక్కటే చెప్పదు. 2016 దివాలా కోడ్‌లో 53వ సెక్షన్ తీసి చూడు. లిక్విడేషన్‌కు (అంటే కంపెనీ ఆస్తులమ్మి అప్పులు తీర్చే ప్రక్రియకు) ముందు 24 నెలల కార్మికుల బాకీలు, తాకట్టు హక్కు వదులుకున్న బ్యాంకుల అప్పులతో సమాన వరుసలో ఉంటాయి. 36వ సెక్షన్ ప్రకారం పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు పంచే ఆస్తిలో అసలు కలవవు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ఆ వరుసలోనే నీ రాజకీయమంతా ఉంది.

1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు కూడా చదువు. ఏజెన్సీ (గిరిజన ప్రాంత) భూముల్లో ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజులు చెల్లవన్నారు కదా, అందులో పెద్ద వాదన, అక్కడ ఏ 'వ్యక్తి' అయినా గిరిజనేతరులకు భూమి బదిలీ చేస్తే చెల్లదన్న నియమంలోని 'వ్యక్తి' అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందా అన్నది. ఆస్తి చట్టం రాకుండా ఆ వాదన చెయ్యలేం.

టెన్షన్ పడకు. 53వ సెక్షన్‌తో మొదలుపెట్టి వెనక్కి చదువుకుంటూ రా. ఆగిన చోట ఇక్కడే అడుగు.