సీలర్ కొట్టినా చెమ్మ పోలేదు... కేసు ఎవరి మీద?

ప్రశ్న: ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడకు చెమ్మ వస్తోందని చెబితే దుకాణదారు ద్రవ సిలికేట్ సీలర్ ఇచ్చి, 'ఇది కొడితే చుక్క నీరు దిగదు' అన్నాడు. మేస్త్రితో గోడకూ, కాంక్రీటు శ్లాబుకూ కొట్టించాం. శ్లాబు బాగానే ఉంది. గోడ మీద మాత్రం తెల్లటి పొర తేలింది, చెమ్మ అలాగే ఉంది. కిటికీ అద్దాల మీద పడ్డ తుంపర మరకలు ఎంత రుద్దినా పోవడం లేదు. సరుకు మంచిది కాదని మేస్త్రి, మేస్త్రికి పని రాదని దుకాణదారు అంటున్నారు. బిల్లు మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఉంది. ఏం చేయాలి?

జవాబు: ఒకే ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చవచ్చు. అయితే ఎవరి తప్పు ఏదో విడదీసి రాయాలి.

సిలికేట్ ద్రావణం కాంక్రీటులో మిగిలి ఉన్న సున్నంతో కలిసి గట్టిపడి, సన్నని రంధ్రాలను మూసేస్తుంది. కాల్చిన మట్టి ఇటుకలో ఆ సున్నం ఉండదు. అందుకే అక్కడ ద్రావణం ఊరికే ఎండిపోయి తెల్లగా పైకి తేలుతుంది. ఒకే డబ్బా, ఒకే మేస్త్రి, శ్లాబు బాగుంది, గోడ పాడైంది. మీ కేసుకు బలం ఇదే. సరుకు నాసిరకమని వాదిస్తే మీ శ్లాబే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. 'ఇటుక గోడకు పనికిరాని దాన్ని పనికొస్తుందని చెప్పి అమ్మాడు' అని రాయండి.

ఫలానా పనికని చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొన్నప్పుడు సరుకు ఆ పనికి తగినదై ఉండాలని వస్తువుల విక్రయ చట్టం, 1930 సెక్షన్ 16 చెబుతోంది. మీరే ఒక బ్రాండు పేరు చెప్పి అడిగి తెచ్చుకుని ఉంటే మాత్రం ఈ వాదన బలహీనపడుతుంది. అతనితో జరిగిన వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే భద్రంగా ఉంచుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 'లోపం' అంటే కల్తీ ఒక్కటే కాదు. వ్యాపారి ఏ రకంగా చెప్పుకున్నా, ఆ ప్రమాణానికి సరుకు తగ్గితే అదీ లోపమే. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని మొండికేయడం అదే చట్టం ప్రకారం అనుచిత వ్యాపార విధానం కిందకు వస్తుంది. కాబట్టి బిల్లు మీది ఆ వాక్యం చూసి టెన్షన్ పడకండి.

ఇక అద్దాల సంగతి. సిలికేట్‌కు క్షార గుణం ఎక్కువ. అద్దం మీద పడి ఆరితే గాజునే తినేస్తుంది. కిటికీలకు కవర్ కప్పకపోవడం, తుంపర పడగానే నీళ్లతో కడగకపోవడం మేస్త్రి సేవాలోపం. డబ్బా మీద ఆ హెచ్చరికే లేకపోతే తయారీదారును కూడా చేర్చండి. లేబుల్ మీద 'కాంక్రీటుకు మాత్రమే' అని ఉంటే, చదవకుండా వాడారని అవతలి వకీలు తప్పకుండా అంటాడు. దుకాణదారు చెప్పిన మాట అప్పుడు మీకు మరింత అవసరం.

దయచేసి మిగిలిన ద్రావణం పారేయకండి. మూత గట్టిగా బిగించి, నీళ్లు కలపకుండా దాచండి. అవసరమైతే వినియోగదారుల కమిషన్ దాని నమూనాకు సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. గోడ కడిగించే ముందు, రంగు వేయించే ముందు శ్లాబు, గోడ, అద్దాలు మూడింటినీ ఫోటోలు తీసి, ఒక సివిల్ ఇంజనీరు చేత రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి. మేస్త్రికి ఫోన్‌లో డబ్బు పంపి ఉంటే ఆ వివరాలు రశీదుగా పనికొస్తాయి.

ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, దుకాణదారుకూ మేస్త్రికీ, చేరుస్తుంటే తయారీదారుకూ నోటీసు పంపండి. దారికి రాకపోతే మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

ఈలోగా దుకాణదారు ఇంకో డబ్బా ఉచితంగా ఇస్తానని, 'ఇక ఎలాంటి క్లెయిమూ లేదు' అన్న కాగితం మీద సంతకం అడగవచ్చు. పెట్టకండి. అదే సీలర్ మళ్లీ కొట్టినా ఆ గోడకు చెమ్మ ఆగదు.