మొగ పూడితే తప్పు నదిదేనా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నది సముద్రంలో కలిసే చోటు (మొగ) గురించి, పక్కనే పట్టణం పెరుగుతుంటే ఆ చోటికి ఏమవుతుందన్నదాని గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి ఐదింటికి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మొగకు కాస్త ఎగువన పర్ర భూముల్ని (పోటు నీరు ఎక్కి దిగే పల్లపు నేలల్ని) మెరకపోసి లేఅవుట్లు వేశారు. నదిని గానీ మొగను గానీ ఎవరూ ముట్టుకోలేదు. అయినా నాలుగైదేళ్లుగా మొగలో ఇసుక మేట వేస్తోంది, పాటు వేళ (సముద్రం దిగేటప్పుడు) పడవల అడుగు తగులుతోంది. డ్రెడ్జింగ్ చేయిస్తే ఏడాది తిరక్కుండానే మళ్లీ పూడింది. మెరకకీ మేటకీ సంబంధం ఉంటుందా?

జవాబు: నేరుగా ఉంటుంది. వరద రోజులు తీసేస్తే మొగను తెరిచి ఉంచేది నది కాదు, ఆటుపోట్లు. పోటుకు లోపలికి ఎక్కిన నీరు పాటుకు దిగిపోతూ, అలలు తెచ్చి పోసిన ఇసుకను ఊడ్చుకుపోతుంది. ఎంత నీరు ఎక్కి దిగితే అంత మొగ నిలుస్తుంది. ఇంజినీర్లు ఈ నీటి పరిమాణాన్ని టైడల్ ప్రిజం అంటారు. లెక్క తేలికే. పోటు నీరు పరుచుకునే వైశాల్యాన్ని పోటు, పాటు మట్టాల తేడాతో గుణిస్తే చాలు. నాలుగు చదరపు కిలోమీటర్ల మేర మీటరు ఎత్తున నీరు ఎక్కుతుంటే 40 లక్షల ఘనపు మీటర్లు.

ఈ పరిమాణానికీ మొగ అడ్డుకోత వైశాల్యానికీ లంకె ఉందని 1931లో ఓబ్రయన్ అనే అమెరికన్ ఇంజినీరు చూపించారు. రాతి గట్లు కట్టని మొగలకు ఆయన సూత్రం ప్రకారం 40 లక్షల ఘనపు మీటర్లకు సుమారు 260 చదరపు మీటర్ల మొగ నిలుస్తుంది. అందులో పావు వంతు జాగాను మెరక చేస్తే ఎక్కి దిగే నీరు 30 లక్షలకు పడుతుంది, మొగ 195 చదరపు మీటర్లకు కుదించుకుపోతుంది. మీకు మేటగా కనబడుతున్నది ఆ తేడానే. ఇది ఉజ్జాయింపు లెక్క. అలల తాకిడి, ఇసుక రాక ఎక్కువగా ఉన్న తీరంలో మొగ ఇంతకంటే చిన్నదైపోవచ్చు.

డ్రెడ్జింగ్ ఎందుకు నిలవలేదో కూడా ఇక్కడే తేలుతుంది. మొగను లోతు చేశారు గానీ దాన్ని ఊడ్చే నీటిని పెంచలేదు. లోపలి మడుగును పాటు మట్టానికి కింద ఎంత తవ్వినా లాభం కొంచెమే, ఎందుకంటే అక్కడి నీరు ఎప్పుడూ నిలిచి ఉండేదే తప్ప ఎక్కి దిగేది కాదు. పనికొచ్చేదల్లా పాటు మట్టానికీ పోటు మట్టానికీ మధ్యనున్న జాగా. రోజులో సగంసేపు తడిగా, సగంసేపు పొడిగా ఉండే ఆ నేలే ప్లాట్లు వేసేవాళ్ల కంటికి ఖాళీ భూమి.

మెరకను వెనక్కి తవ్వడం అయ్యే పని కాదంటే రోడ్డు కట్టల మీద దృష్టి పెట్టండి. పర్రకు అడ్డంగా కట్ట పోసి రెండు తూములు పెట్టి వదిలేస్తే, వెనకనున్న జాగా ఉన్నా లేనట్టే. పరీక్ష మీరే చేయవచ్చు. సెంటీమీటర్ల గీతలున్న రెండు కొలకర్రలు తీసుకుని కట్టకు అటొకటి, ఇటొకటి పాతండి. సున్నా గీతలు రెండూ ఒకే ఎత్తులో ఉండేలా నీటిగొట్టంతో లెవెల్ చూసుకోవాలి. అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజుల తర్వాత, 15 నిమిషాలకోసారి రెండు కర్రల రీడింగూ 13 గంటలపాటు రాయండి (రోజుకు రెండు పోట్లొచ్చే తీరంలో పోటుకీ పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు). లోపలి వైపు ఎక్కుదిగుడు బయటిదానిలో సగమే ఉన్నా, లోపల పోటు గంటకు పైగా ఆలస్యంగా వచ్చినా తూములు గొంతు నొక్కుతున్నట్టే. తరచూ దొరికే లోపం ఏమిటంటే తూము అడుగు పాటు మట్టం కంటే ఎత్తులో ఉండటం. సగం పాటుకే నీరు ఆగిపోయి, లోపల మురుగు నిలుస్తుంది. గుండ్రటి పైపులు తీసి పాటు మట్టానికి దిగువ దాకా అడుగున్న వెడల్పాటి పెట్టె తూములు గానీ చిన్న వంతెన గానీ వేస్తే, ఒక్క బస్తా ఇసుక తోడకుండానే మొగకు బలం వస్తుంది.

ప్రశ్న: మొగ మూసుకుని ఉండగా, వానలకు లోతట్టు వీధుల్లోకి నీరొస్తుంటే పొక్లెయిన్‌తో గండి కొట్టించారు. నీరైతే దిగింది గానీ మర్నాటికి చేపలు గుట్టలుగా తేలాయి. ఎవరైనా విషం కలిపారా?

జవాబు: విషమే అక్కర్లేదు. మూసుకున్న మడుగులో నీరు రెండు పొరలుగా ఉంటుంది. పైన తేలికైన వాన నీరు, కింద బరువైన ఉప్పునీరు. కింది పొరకు గాలి అందదు. డ్రైన్లలోంచి వచ్చిన చెత్త అడుగున కుళ్లుతూ అక్కడి ఆక్సిజన్‌ను లాగేస్తుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా రకాల చేపలు బతకవు, అందుకే అవన్నీ పై పొరలోకి చేరతాయి. గండి కొట్టగానే ముందు సముద్రంలోకి జారేది ఆ పై పొరే. మిగిలింది అడుగు నీరు. చేపలు అందులో ఇరుక్కుంటాయి.

కాబట్టి గండికి ముందు నాలుగైదు చోట్ల పైనా, అడుగుకు అర మీటరు ఎత్తునా ఆక్సిజన్ కొలవాలి. ఆక్సిజన్ ఉన్న పై పొర పలచగా ఉంటే, ఇళ్లకు ముప్పు లేనంతవరకు ఆగడమే మేలు.

కొట్టే పద్ధతి కూడా ముఖ్యమే. ముందు మడుగు వైపు నుంచి కాలువ తవ్వుకుంటూ వచ్చి, సముద్రం వైపు కొన్ని మీటర్ల ఇసుక అడ్డు ఉంచుకోవాలి. తీసిన ఇసుకను కాలువ అంచున పోయకూడదు, మళ్లీ అందులోకే జారుతుంది. అలలు తక్కువగా ఉన్న రోజు చూసి, పోటు తిరిగిన వెంటనే అడ్డు తీయాలి. అక్కడి నుంచి ఆరు గంటలపాటు సముద్రం దిగుతూనే ఉంటుంది, మట్టాల తేడా పెరిగి కాలువ తనంతట తానే కోసుకుంటుంది. పోటు ఎక్కుతుండగా తీస్తే చేసిన పనంతా అలలు పూడ్చేస్తాయి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మట్టం. మడుగు బాగా నిండాక కొట్టిన గండి లోతుగా కోసుకుని వారాలు నిలుస్తుంది. సగం నిండినప్పుడు కొట్టింది రోజుల్లోనే మూసుకుంటుంది. కానీ లోతట్టున ఇళ్లు కట్టనిచ్చాక నిండేదాకా ఆగే వీలే ఉండదు. ప్రతిసారీ తక్కువ మట్టంలో కొట్టడం, అది మూసుకోవడం, మళ్లీ కొట్టడం. ఈ చక్రం గండి దగ్గర తెగేది కాదు, ఇళ్లకు అనుమతి ఇచ్చే బల్ల దగ్గర తెగాలి. గండి ఏ మట్టంలో కొట్టాలో ముందే రాసి పెట్టుకుని, కొత్త ఇళ్ల గచ్చు మట్టం దానికి పైనే ఉండాలని నిబంధన పెట్టాలి.

శాశ్వతంగా కొత్త మొగ తవ్వడం మరో లెక్క. చిలికా సరస్సుకు 2000 సెప్టెంబరులో అలా తవ్వారు, ముందుగా మోడల్ అధ్యయనాలు చేసి మరీ. ఉప్పదనం తిరిగొచ్చింది, ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల మాంట్రో జాబితాలో 1993లో చేరిన పేరు 2002లో తొలగింది. అయితే అక్కడా మొగ కదులుతూనే ఉంటుంది. తవ్వి వదిలేస్తే సరిపోదు.

ప్రశ్న: మురుగు శుద్ధి కేంద్రం నడుస్తోంది, బీఓడీ (నీటిలోని కుళ్లే పదార్థం ఎంత ఆక్సిజన్ లాగుతుందో చెప్పే కొలత) పరిమితిలోపే ఉందని నివేదికలు. అయినా ఉప్పుటేరు పచ్చగా నాచుపట్టి, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నివేదికలు అబద్ధమా?

జవాబు: నిజమే కావచ్చు. బీఓడీ తగ్గడం ఒకటి, నత్రజని తగ్గడం ఇంకొకటి. ఉప్పునీటిలో నాచు పెరుగుదలను సాధారణంగా అదుపులో ఉంచేది నత్రజని కొరత. మామూలు ద్వితీయ శుద్ధి దాటిన నీటిలో లీటరుకు 20 మిల్లీగ్రాములు, ఒక్కోసారి అంతకుమించి నత్రజని మిగులుతుంది. నాచుకది ఎరువే. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా పీల్చేస్తుంది. మధ్యాహ్నం తీసిన నమూనా బాగుండి, తెల్లవారేసరికి చేపలు తేలడానికి కారణం ఇదే. కొలిస్తే సూర్యోదయానికి ముందే కొలవాలి.

కేంద్రాన్ని అడగాల్సిన ప్రశ్న, "మొత్తం నత్రజని ఎంత?" అన్నది. తగ్గించడం రెండంచెల పని. మొదట గాలి తొట్టిలో బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేటు చేస్తుంది. గ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్, 7.1 గ్రాముల క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం, కాల్షియం కార్బొనేట్ లెక్కన) ఖర్చవుతాయి. కరెంటు మిగులుతుందని గాలి పంపే బ్లోయరు తగ్గించినా, క్షారత అయిపోయి పీహెచ్ పడిపోయినా ఈ అంచె ఆగిపోతుంది. రెండో అంచెలో నైట్రేటు నీటిని గాలి లేని తొట్టిలోకి తిప్పితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని నత్రజని వాయువుగా మార్చి వదిలేస్తుంది. దానికి తిండిగా సేంద్రియ కార్బన్ ఉండాలి, తిరిగొచ్చే నీటితోపాటు ఆక్సిజన్ రాకూడదు. తీర పట్టణాల్లో ఇంకో తంటా, పగిలిన పైపుల్లోకి పోటు వేళ ఉప్పునీరు ఊరడం. కేంద్రానికొచ్చే నీటి వాహకతను (ఉప్పు పెరిగితే పెరిగే కొలత) గంటగంటకూ రాస్తే, పోటుతోపాటు అదీ ఎక్కుతూ కనబడుతుంది.

ఫ్లోరిడాలోని టాంపా అఖాతంలో ఈ దారి పట్టారు. మొత్తం నత్రజని లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించకుండా శుద్ధి చేయడం మొదలుపెట్టాక నీరు తేటపడి, వెలుతురు అడుగుకు చేరి, సముద్రపు గడ్డి మళ్లీ పరుచుకుంది. 2010ల్లో 1950ల నాటి విస్తీర్ణాన్ని దాటింది, తర్వాత మళ్లీ తగ్గింది. గెలిచాం అనుకుని కూర్చునే వ్యవహారం కాదిది.

వాననీటినీ మరవొద్దు. పది హెక్టార్ల మీద 30 మిల్లీమీటర్ల వాన పడితే 3,000 ఘనపు మీటర్లు. గడ్డి నేలైతే అందులో ఐదో వంతు, 600 దాకా పారుతుంది. కాంక్రీటు పరిస్తే 2,700. మురుగూ వాననీరూ ఒకే పైపులో పోయే ఊళ్లలో ఈ పొంగు శుద్ధి కేంద్రం దాకా పోకుండానే నదిలో పడుతుంది. 1957లో జీవం లేదని తేల్చిన థేమ్స్ నది, శుద్ధి కేంద్రాలు బాగుపడ్డాక కోలుకుంది. అయినా ఈ పొంగు ఆపడానికి లండన్ 25 కిలోమీటర్ల సొరంగం తవ్వాల్సి వచ్చింది. అది పూర్తిగా పనిలోకి వచ్చింది 2025లో.

ప్రశ్న: బోట్ల జెట్టీ కోసం మడ అడవి పక్కన నల్ల బురద తవ్వి గట్టు మీద పోశారు. మొదటి వానకు పక్క కాలువ నీరు ఎర్రగా తుప్పు రంగుకు తిరిగింది, పీతలు చచ్చాయి. ఎందుకు?

జవాబు: ఆ బురదలో పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉండి ఉంటుంది. నీటి కింద ఉన్నంతకాలం సాధువే. గాలి తగిలిందంటే గంధకామ్లం తయారవుతుంది, టన్ను పైరైటుకు సుమారు 1.6 టన్నులు. ఎరుపు ఇనుముది, చంపేది ఆమ్లం, దాంతో కరిగే అల్యూమినియం.

తవ్వకముందే ఇలా చూడండి. కళ్లద్దాలు, తొడుగులు వేసుకుని, వేడికి పగలని గాజు గొట్టంలో చెంచాడు బురద వేసి, పీహెచ్ ముందే 4.5–5.5కు సరిచేసిన 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా పోయాలి. బుసబుసా పొంగి, చల్లారాక పీహెచ్ 3 కంటే పడిపోతే ప్రమాదం ఉన్నట్టే. ఆకుల కుళ్లు కూడా పొంగుతుంది కనుక పొంగును ఒక్కదాన్నే నమ్మకుండా ల్యాబ్‌లో నిర్ధారించుకోవాలి. ఇప్పటికే తవ్విన దాన్ని ఆరనివ్వకుండా వ్యవసాయ సున్నపురాయి పొడి కలిపి, నీరు పారకుండా చుట్టూ గట్టు వేయాలి. టన్ను పైరైటుకు రెండున్నర టన్నుల పొడి పడుతుంది (లెక్కకు ఒకటిన్నర రెట్లు, ఎందుకంటే బురదలో సరిగా కలవదు). తొందరపడి తడి సున్నం పోస్తే పీహెచ్ 12 దాకా ఎగబాకి, ఆమ్లానికి మిగిలిన చేపల్ని అది చంపుతుంది.

ప్రశ్న: నష్టపోయిన అడవికి బదులు వేల మడ మొక్కలు నాటారు. ఏడాదికి కర్రలే మిగిలాయి.

జవాబు: ఎక్కడ నాటారో చూడండి. ఎవరి భూమీ కాదు, గొడవ ఉండదని సాధారణంగా కిందనున్న బురద తిన్నెల మీద నాటుతారు. సగటు సముద్ర మట్టానికి కిందనున్న చోట ఉప్పుపొన్న మొక్క రోజులో ఎక్కువసేపు మునిగి ఊపిరాడక పోతుంది, మిగిలినవాటికి బార్నకిల్స్ (గట్టి గుల్లతో అంటుకుపోయే చిన్న సముద్ర జీవులు) అంటుకుని బరువుకు వంగిపోతాయి. మడకు సగటు మట్టానికి పైనుంచి పెద్ద పోటు గీత దాకా ఉన్న మెట్టు కావాలి. ఫ్లోరిడాలో రాబిన్ లూయిస్ అనే చిత్తడి నేలల నిపుణుడు చేసి చూపించింది ఇదే. మెరకను సరైన మట్టానికి చెక్కి, పోటు నీటికి దారి ఇస్తే, దగ్గర్లో తల్లిచెట్లున్న చోట విత్తనాలు నీటితో వచ్చి వాటంతటవే పడతాయి. పక్కనే బతికున్న మడ చెట్ల వేళ్ల దగ్గర నేల ఎత్తు లెవెల్ యంత్రంతో కొలిచి, మీ చోటుతో పోల్చండి. పది సెంటీమీటర్ల తేడా కూడా లెక్కలోకి వస్తుంది.