కాఫీ గింజలు వేయించబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి, చిన్న యంత్రం కొని, ఆఫ్రికా కాఫీ గింజలు తెప్పించి వేయించి అమ్మబోతున్నావని మీ నాన్న రాత్రి ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో దిగులే ఎక్కువ. నాకు మాత్రం సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి కూర్చున్నాక భయం కూడా పట్టుకుంది. ఆ భయమే ఈ ఉత్తరం రాయిస్తోంది.

ముందు తేలిక సంగతులు. పచ్చి గింజలో తేమ 10 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. మూటలకు ఎండా చెమ్మా తగలనివ్వకు. వేయించిన తేదీ ప్రతి పొట్లం మీదా రాయి. వేగిన గింజ కొన్ని రోజులపాటు బొగ్గుపులుసు వాయువు వదులుతూనే ఉంటుంది కాబట్టి, గాలి బయటికి పోవడమే తప్ప లోపలికి రాని సంచులు కొను.

కెన్యా మూట మీద ‘ఏఏ’ అని ఉందని మురిసిపోకు. అది గింజ పరిమాణాన్ని బట్టి వేసే గ్రేడు. రుచి చూడకుండా కొనకు. రువాండా, బురుండీ గింజలు తెప్పిస్తే ఒక సంగతి గుర్తుంచుకో. పురుగు కుట్టిన గింజ ఒక్కటి పడినా కప్పంతా పచ్చి బంగాళాదుంప వాసన కొడుతుంది. చాలాసార్లు అది కంటికి కనిపించదు, మర పట్టినప్పుడే బయటపడుతుంది. అందుకే రుచి చూసేటప్పుడు ఏ కప్పు గింజలు ఆ కప్పుకే విడిగా మర పట్టు.

ఇక అసలు సంగతి, పొట్టు.

నేను యంత్రం ముందు నిలబడి అప్పటికి మూడేళ్లు. అన్నీ తెలిసిపోయాయనుకున్నాను. అంతవరకు నేను వేయించిందంతా యిర్గచెఫె నుంచి వచ్చే, గుజ్జు తీసి కడిగిన గింజ. ఆ రోజు మొదటిసారి హరార్ గింజ పోశాను. అదీ ఇథియోపియాదే, కానీ అక్కడ పండును గుజ్జు తీయకుండా అలాగే ఎండబెడతారు. ఆ గింజను అంటిపెట్టుకున్న వెండి పొర ఎక్కువ, వేగేటప్పుడు రాలే పొట్టూ ఎక్కువే. ఆ పొట్టు ఉల్లిపొర కన్నా పలచన. అరచేతిలో పోసుకుని ఊపిరి వదిలితే చాలు, ఎగిరిపోతుంది. నిప్పురవ్వ తగిలినా అంతే తేలిగ్గా అంటుకుంటుంది.

ఆర్డర్లు చాలా ఉన్నాయి. నాలుగు బ్యాచ్‌లు వరసగా దించాను, పొట్టు డబ్బా ఒక్కసారీ ఖాళీ చేయలేదు. ఐదో బ్యాచ్‌లో గింజలు చిటపటలాడే వేళకు కమ్మటి వాసన పోయి కాగితం కాలిన వాసన వచ్చింది. ఏమిటా అని డబ్బా తలుపు తీశాను. అదీ నేను చేసిన తప్పు. లోపల ఊపిరాడక రాజుకుంటున్న నిప్పుకు గాలి అందింది. మంట నా మోచేతి దాకా వచ్చి, పొగ గొట్టంలోకి పాకింది.

చిన్నప్పుడు నా కుడిచేతి మచ్చను వేలితో తడుముతూ ‘ఇదేమిటి పెదనాన్నా’ అని అడిగేదానివి, గుర్తుందా? వేడి కాఫీ ఒలికిందని చెప్పాను. అది అబద్ధం తల్లీ. నువ్వు భయపడతావని అలా చెప్పాను. ఇప్పుడు నువ్వు భయపడాలనే నిజం చెబుతున్నాను.

ఎండబెట్టిన గింజ వేయించే రోజు ప్రతి బ్యాచ్ తర్వాతా డబ్బా ఖాళీ చెయ్యి. తీసిన పొట్టును మూత ఉన్న ఇనుప డబ్బాలోనే వెయ్యి. అందులో రవ్వ దాక్కుని ఉండొచ్చు. గొట్టం లోపలి మసిని వాయిదా వేయకుండా గీకించు. ఒకవేళ అంటుకుంటే ముందు గ్యాసు ఆపు. ఏ తలుపూ తీయకు. మండుతున్న గింజలను బయటికి దించకు. గింజలు పోతే పోనీ. యంత్రం దగ్గర ఎప్పుడూ ఒంటరిగా ఉండకు, జుట్టు గట్టిగా ముడి వేసుకో. నీ జడ గుర్తొస్తేనే నా గుండె దడదడలాడుతోంది.

మొదటి బ్యాచ్‌కు కడిగిన యిర్గచెఫె తీసుకో. సుమారు 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదటి చిటపట వినిపిస్తుంది. ఆ తర్వాత తొందరగా దించు. నల్లగా మాడిస్తే మల్లెపూల వాసన పోయి ఏ ఊరి గింజైనా ఒకటే అవుతుంది, అంత దూరం నుంచి తెప్పించి లాభం ఉండదు. వారం రోజులు ఆగి నాకు వంద గ్రాములు పంపు.

దానికన్నా ముందు, గొట్టం బిగించాక ఫొటో తీసి పంపు. అది చూశాకే నీ కాఫీ తాగుతాను.

నీ పెదనాన్న